జనన ధ్రువపత్రంలో ఒక పేరు సరిదిద్దడానికి మూడు ప్రభుత్వాల చుట్టూ ఎందుకు తిరగాల్సి వస్తోంది?

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి మీ పాప సంగతి. 2024 జనవరిలో పట్టణంలోని ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది, మీ కాపురం పక్క జిల్లాలోని పల్లెలో ఉంది, జనన ధ్రువపత్రంలో తల్లి పేరు తప్పుగా పడింది, దాంతో పాస్‌పోర్టు దరఖాస్తు ఆగిపోయింది, డిజిలాకర్‌లో వెతికితే అసలు పత్రమే కనబడటం లేదు. మునిసిపాలిటీకి వెళితే లోపం రాష్ట్ర పోర్టల్‌ది అంటున్నారు, మీసేవకు వెళితే ఢిల్లీ సర్వర్‌లో మారాలి అంటున్నారు. రెండోది ఈ తిరుగుళ్లతో విసిగి మీరు వేసిన ప్రశ్న: కేంద్రం, రాష్ట్రం, మునిసిపాలిటీ కూర్చుని మాట్లాడుకుని ఒకే వెబ్‌సైట్ ఎందుకు పెట్టుకోలేవు? రాష్ట్ర ప్రభుత్వంలో పౌరసేవల కంప్యూటరీకరణ పనిలోనే ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిపినవాణ్ని కనుక రెండింటికీ నాకు తెలిసినంత వివరంగా జవాబు రాస్తున్నాను. పాస్‌పోర్టు తొందర ఉంది కాబట్టి ముందు పాప సంగతి చూద్దాం.

జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం జననం ఎక్కడ జరిగితే నమోదు అక్కడే జరుగుతుంది, తల్లిదండ్రుల నివాసంతో దానికి సంబంధం లేదు. అందువల్ల మీ ఊరి పంచాయతీ కార్యదర్శికి ఈ రికార్డును ముట్టుకునే అధికారమే లేదు. ఆసుపత్రి ఏ మునిసిపాలిటీ పరిధిలో ఉందో అక్కడి రిజిస్ట్రారుకు మాత్రమే, ఆ చట్టంలోని సెక్షన్ 15 కింద, తప్పు సరిదిద్దే అధికారం ఉంది. మీసేవలోగాని గ్రామ, వార్డు సచివాలయంలోగాని మీ అర్జీ తీసుకుని పంపగలరు, కానీ నిర్ణయం జరిగేది ఆ రిజిస్ట్రారు లాగిన్‌లోనే. వెళ్లేముందు ఆసుపత్రిలో ఒక పని చేసుకోండి. జననం జరిగినట్టు వారు పంపిన ఫారం 1 నకలు అడిగి, అందులో తల్లి పేరు ఎలా ఉందో చూడండి. అక్కడ సరిగానే ఉండి ధ్రువపత్రంలో తప్పుంటే అది కార్యాలయంలో ఎక్కించినప్పుడు జరిగిన పొరపాటు, తేలికగా తేలిపోతుంది. ఫారంలోనే తప్పుంటే ఆసుపత్రి నుంచి లేఖ, డిశ్చార్జి సమ్మరీ, తల్లి పదో తరగతి మెమో, ఆధార్ జతచేసి రాతపూర్వకంగా అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. నోటరీ అఫిడవిట్లతో పాస్‌పోర్టు కార్యాలయాన్ని ఒప్పించవచ్చని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. 2023 అక్టోబర్ 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుందని 2025లో పాస్‌పోర్టు నియమాలను సవరించారు. మీ పాప ఆ తేదీ తరువాతే పుట్టింది కనుక అసలు రికార్డు సరికావడం తప్ప వేరే దారి లేదు.

ఇక రెండో ప్రశ్న. జనన మరణాల నమోదు ఎవరి పని అంటే రాజ్యాంగం రెండు చోట్ల జవాబు చెబుతుంది. ఏడో షెడ్యూలులోని ఉమ్మడి జాబితాలో అది 30వ అంశం, అంటే కేంద్రమూ రాష్ట్రమూ చట్టాలు చేయవచ్చు. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో అదే 16వ అంశం, అంటే పురపాలక సంఘాలకు అప్పగించదగిన పని. 1969 చట్టం ఈ మెట్లన్నిటినీ కలిపి పేర్చింది. పైన కేంద్ర హోంశాఖ కింద రిజిస్ట్రార్ జనరల్, రాష్ట్రంలో చీఫ్ రిజిస్ట్రారు, జిల్లాలో జిల్లా రిజిస్ట్రారు, అడుగున ఊరికో పట్టణానికో ఒక రిజిస్ట్రారు. నియమావళి రాష్ట్రమే చేస్తుంది కానీ దానికి కేంద్రం ఆమోదం కావాలి. సిబ్బందిని ఇచ్చేదీ రాష్ట్రమే. పుస్తకంలో నమోదు చేసి సంతకం పెట్టేది మాత్రం పల్లెలో పంచాయతీ కార్యదర్శి, పట్టణంలో మునిసిపాలిటీ అధికారి.

ఈ మూడంచెల వ్యవస్థ కాగితం మీద ఎంత చక్కగా నడిచేదో ఫారం 1ని చూస్తే తెలుస్తుంది. 2000 సంవత్సరం నుంచి వాడుకలోకి వచ్చిన ఆ ఫారం రెండు భాగాలుగా ఉండేది. చట్టపరమైన భాగంలో పుట్టిన తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, సమాచారం ఇచ్చినవారి సంతకం. గణాంకాల భాగంలో తల్లి వయసు, చదువు, ఎన్నో కాన్పు, కాన్పు ఎలా జరిగింది, బిడ్డ బరువు వంటివి. నమోదు పూర్తికాగానే గణాంకాల భాగాన్ని చించి పై కార్యాలయానికి పంపేవారు. చట్టపరమైన భాగాలు అక్కడే ఉండిపోయి, అన్నీ కలిపి కుడితే ఆ కార్యాలయపు జననాల రిజిస్టరు అయ్యేది. దేశానికి కావలసిన లెక్క ఢిల్లీకి వెళ్లేది, మనిషికి కావలసిన రుజువు అతను పుట్టిన ఊరి బీరువాలో ఉండేది. తప్పు దొర్లితే పాత రాత చెరిపేయకుండా పక్కన అంచులో సవరణ రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలని సెక్షన్ 15 చెబుతుంది. అందువల్ల ఏది ఎప్పుడు ఎవరు మార్చారో ఇరవై ఏళ్ల తరువాత కూడా రిజిస్టరు తెరిచి చూపించవచ్చు. ఆ బీరువాలకు చెదలు పట్టేవి, వానకు తడిసేవి, ఒక నకలు కోసం చేయి తడపవలసిన చోట్లూ ఉండేవి, కాబట్టి పాతకాలమే నయమని నేను అనను. కానీ ఏ పని ఎవరిదన్న విషయంలో ఆ కాగితానికి సందేహం ఉండేది కాదు.

కంప్యూటర్లు వచ్చాక ఆ చింపుడు గీత చెరిగిపోయింది. మహానగర పాలక సంస్థలు సొంత సాఫ్ట్‌వేర్ చేయించుకున్నాయి, రాష్ట్రాలు తమ శాఖల ద్వారా వేరొకటి నడిపాయి, రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం దేశమంతటికీ జనన మరణాల నమోదుకు సీఆర్‌ఎస్ (సివిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్) పోర్టల్ పెట్టింది. ఒక్కో అంచె తనకు తోచిన కాలంలో, తన బడ్జెట్‌తో, తన గుత్తేదారుతో కట్టుకుంది. 2023లో చట్టాన్ని సవరించి, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమలుచేసి, దీన్ని ఒక దారికి తెచ్చే ప్రయత్నం చేశారు. జాతీయ స్థాయిలో రిజిస్ట్రార్ జనరల్, రాష్ట్ర స్థాయిలో చీఫ్ రిజిస్ట్రారు డేటాబేసులు నిర్వహించాలి, రిజిస్ట్రార్లు తమ వివరాలు అందులో చేర్చి తీరాలి, నమోదైన ఏడు రోజుల్లోగా ధ్రువపత్రం ఉచితంగా ఇవ్వాలి. వివరాలు పైకి పంపే బాధ్యతను చట్టంలోనే రాయడం మంచి మార్పే. అయితే పైనుంచి కిందికి ఏం రావాలన్న దానిపై అంత స్పష్టత లేదు. పోర్టల్ పనిచేయకపోతే రిజిస్ట్రారుకు ఎన్ని గంటల్లో జవాబు రావాలి, ఒక సవరణ రాష్ట్ర డేటాబేసులో చేసినా జాతీయ డేటాబేసులో కనబడకపోతే పూచీ ఎవరిది, అన్న ప్రశ్నలకు సర్క్యులర్లు వెతుక్కోవలసిందే.

మీ తిరుగుళ్లకు మూలం ఇక్కడే ఉంది. చట్టం ముందు రికార్డుకు బాధ్యుడు రిజిస్ట్రారు, కానీ అతను వాడే సాఫ్ట్‌వేర్ మీద అతనికి ఏ పట్టూ లేదు. సాఫ్ట్‌వేర్ మీద పట్టున్నవారికి మీ పాప రికార్డు విషయంలో ఏ బాధ్యతా లేదు. కార్యదర్శి బదిలీ అయిపోయినా లాగిన్ ఓటీపీ పాత కార్యదర్శి ఫోనుకే పోతూ, కొత్తాయన పక్క మండలానికి ఫోన్లు చేసి అంకెలు చెప్పించుకోవడం నేను పలుచోట్ల చూశాను. జిల్లాలో ఎవరూ దాన్ని మార్చలేరు, రాజధానికి రాయాలి, అక్కడివారు మరొక చోటికి రాయాలి. అంతకాలం కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి దొరికే జవాబు “సర్వర్ డౌన్” ఒక్కటే. ఆ మాట చెప్పే ఉద్యోగి అబద్ధమాడుతున్నాడని అనుకోవద్దు, చాలాసార్లు అతనికి తెలిసిన నిజం అంతే.

డిజిలాకర్ సంగతి కూడా ఇదే వరుసలో అర్థం చేసుకోవాలి. 2015లో మొదలైన ఆ సేవలో ప్రభుత్వ సంస్థలు జారీచేసే పత్రాలు నిజానికి నిల్వ ఉండవు. జారీచేసిన సంస్థ దగ్గరున్న పత్రానికి ఒక చిరునామా మాత్రం అక్కడ ఉంటుంది, మీరు అడిగినప్పుడు ఆ సంస్థ నుంచి తెచ్చి చూపిస్తుంది. అలా వచ్చిన పత్రం అసలుతో సమానమని 2017లో నియమాల ద్వారా స్పష్టం చేశారు, కనుక చెల్లుబాటు గురించి దిగులు లేదు. అయితే జారీచేసే సంస్థ తన రికార్డులను దానికి అనుసంధానం చేయకపోయినా, మీరు నింపిన పేరు, తేదీ, నమోదు సంఖ్యల్లో ఒక్కటి రికార్డుతో సరిపోలకపోయినా తెరమీద ఏమీ రాదు. మన తెలుగువాళ్లకు ఇక్కడ అదనపు చిక్కు ఒకటుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, తరచుగా ఒక అక్షరంతో పొట్టిగా రాస్తాం. ఆధార్‌లో పేరుకు ఒకటే గడి, పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, సొంత పేరుకు వేరువేరు గడులు, పదో తరగతి మెమోలో ఇంకో వరుస. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన తల్లి విషయంలో ఆసుపత్రి రిసెప్షన్‌లో ఎవరో అడిగి రాసుకున్నదే ఈ గడులన్నిటికీ ఆధారం. మీ విషయంలోనూ ఇలాంటిదే జరిగి ఉండవచ్చు, కాబట్టి సవరణ అర్జీలో తల్లి పేరు పాస్‌పోర్టులో ఏ రూపంలో ఉండాలో సరిగ్గా ఆ రూపంలోనే, ఇంటిపేరు పూర్తిగా విప్పి రాయండి.

మూడు అంచెలూ కలిసి పనిచేసి ఫలితం చూపిన సందర్భాలు లేవనుకోకండి, మనకు దగ్గరలోనే ఉన్నాయి. 2011 నవంబర్ 4న చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ అందుకు మంచి ఉదాహరణ. దాని బలం కౌంటర్లలో లేదు. తహసీల్దారు డిజిటల్ సంతకంతో జారీచేసిన పత్రం కాగితం మీది పచ్చ సిరా సంతకంతో సమానంగా చెల్లడమే దాని బలం. ఆ చెల్లుబాటు ఇచ్చింది కేంద్రం చేసిన సమాచార సాంకేతిక చట్టం, 2000. మండల కార్యాలయాలను కలిపిన నెట్‌వర్కులకు, రాష్ట్ర డేటా కేంద్రాలకు డబ్బు 2006 నాటి జాతీయ ఇ-పరిపాలన ప్రణాళిక కింద వచ్చింది. రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, శాఖలను ఒప్పించి, కౌంటర్లు తెరిపించింది రాష్ట్రం. సంతకం తహసీల్దారుదే కనుక తప్పు జరిగితే ఎవరిని అడగాలో మనిషికి తెలుసు. చట్టం ఒకరిది, డబ్బు కొంత ఒకరిది, పని ఒకరిది, సంతకం ఒకరిది, అంతా ముందే తేలిపోయింది. అయితే 2015-16 బడ్జెట్‌లో కేంద్రం ఆ ప్రణాళికకు ఇచ్చే సాయాన్ని ఆపి, రాష్ట్రాలకు పన్నుల వాటా పెరిగింది కనుక వాళ్లే చూసుకోవాలంది. అది న్యాయమేనని వాదించవచ్చు, కానీ కట్టడానికి డబ్బు దొరికినంత సులువుగా నడపడానికి దొరకదని ఆ తరువాతి ఏళ్లలో ప్రతి జిల్లా కార్యాలయానికీ తెలిసివచ్చింది.

కలవకపోతే ఏమవుతుందో రవాణా శాఖ చూపించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్‌ఎస్‌టీ పేరుతో సొంత కంప్యూటర్ వ్యవస్థ ముందే బాగా నడుస్తుండటంతో వాహనాల రిజిస్ట్రేషన్‌కు వాహన్, డ్రైవింగ్ లైసెన్సులకు సారథి అనే జాతీయ వ్యవస్థలు వచ్చినప్పుడు దాన్ని వదులుకోవడానికి ఇక్కడ తొందర కనబడలేదు. తెలంగాణ చాలా కాలం వాటికి బయటే ఉంది. దేశంలో నెలకు ఎన్ని వాహనాలు అమ్ముడయ్యాయో చెప్పే లెక్కల అడుగున “తెలంగాణ వివరాలు ఇందులో లేవు” అన్న చిన్న గమనిక ఏళ్ల తరబడి కొనసాగింది. సొంతంగా బాగా చేసుకున్న రాష్ట్రమే అందరితో కలవడానికి ఎక్కువ వెనుకాడుతుందన్నది ఈ రంగంలో ఉన్నవారికి తెలిసిన విషయం. దాన్ని మొండితనం అని కొట్టిపారేయడం సరికాదు. కొత్త వ్యవస్థలో తమ పౌరులకు పాత సౌకర్యం తగ్గదని, రేపు ఒక గడి చేర్చాలంటే తమ మాట వింటారని నమ్మకం కుదరాలి. ఆ హామీ ఇవ్వగల వేదిక లేకుండా ఎన్ని లేఖలు రాసినా పని జరగదు.

అలాంటి వేదిక ఉంటే ఎలా ఉంటుందో జీఎస్టీలో చూశాం. జీఎస్టీ పోర్టల్‌ను నడిపే జీఎస్టీ నెట్‌వర్క్ కంపెనీలో మొదట కేంద్రానికి 24.5 శాతం, రాష్ట్రాలన్నిటికీ కలిపి 24.5 శాతం, మిగిలిన 51 శాతం ప్రైవేటు ఆర్థిక సంస్థలకు ఉండేది. 2018లో దాన్ని పూర్తిగా ప్రభుత్వాలదే చేసి, కేంద్రం సగం, రాష్ట్రాలు సగం తీసుకోవాలని నిర్ణయించారు. పైన ఉన్న జీఎస్టీ మండలిలో ఓట్లలో మూడో వంతు బరువు కేంద్రానిది, మూడింట రెండు వంతులు రాష్ట్రాలది, నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల బలం కావాలి. కనుక ఒకరు మరొకరిని తోసిరాజనలేరు. తొలి నెలల్లో ఆ పోర్టల్ వ్యాపారులను ఎంత ఏడిపించిందో మరిచిపోలేదు, అయినా లోపాలను మంత్రుల బృందం ముందు పెట్టి రాష్ట్రాలు నిలదీయగలిగాయి. పన్నుల డబ్బు కాబట్టి అంత శ్రద్ధ పెట్టారని మీరనవచ్చు, నిజమే. జనన ధ్రువపత్రానికి అలాంటి మండలి లేదు. ఒకవేళ పెట్టినా జీఎస్టీ మండలిలో లాగే అందులో పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ కుర్చీ ఉండదేమోనని నా అనుమానం. ఆ పత్రం మీద రోజూ సంతకం పెట్టేది మాత్రం వాళ్లే.

బయటివారికి కనబడని మరో సంగతి చెబుతాను, ఎందుకంటే మీ పాత పత్రాల్లో జిల్లా పేరు విషయంలో రేపు ఇదే ఎదురుకావచ్చు. కంప్యూటర్‌కు ఊరి పేరు తెలియదు, ఊరి సంకేత సంఖ్య తెలుస్తుంది. దేశంలోని ప్రతి జిల్లాకు, మండలానికి, పంచాయతీకి ఒక సంఖ్య ఇచ్చే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీని కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహిస్తుంది, మార్పులు ఎక్కించవలసింది రాష్ట్ర శాఖలు. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి, మధ్యలో నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జీవో రాత్రికి రాత్రి అమల్లోకి వస్తుంది. ఆ జీవోలోని ఊళ్లకు కొత్త సంఖ్యలు పడి, వాటిని ప్రతి శాఖ పోర్టల్ తీసుకుని, పాత రికార్డును పాత సంఖ్యతోనే వెతకగలిగేలా ముడివేసే పని మాత్రం నెలలు పడుతుంది. ఒక పోర్టల్ కొత్త జిల్లాను, మరొకటి పాత జిల్లాను చూపుతున్నంతకాలం ఆ ఊరివాళ్ల దరఖాస్తులు “వివరాలు సరిపోలలేదు” అని తిరిగి వస్తుంటాయి. ప్రభుత్వాల మధ్య సహకారం అంటే ఒప్పందపు ఫోటోలు మనకు గుర్తొస్తాయి గాని, అందులో సగం ఈ సంఖ్యల పట్టిక సరిచేసుకోవడమే.

ఒకే వెబ్‌సైట్ అన్న మీ ఆలోచనలో సగంతో నేను ఏకీభవిస్తాను. పౌరుడు అడిగే ద్వారం ఒకటే ఉండవచ్చు. కేంద్రం 2017లో పలు శాఖల సేవలకు కలిపి ఉమంగ్ యాప్ తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర పేరుతో 161 సేవలతో మొదలుపెట్టింది. అవి ఉపయోగమే. కానీ ద్వారం ఒకటైనంత మాత్రాన వెనుక ఉన్న రిజిస్టర్లు ఒకటి కావు, కాకూడదు కూడా. రికార్డు మీద సంతకం, సవరించే అధికారం పుట్టిన చోటనే ఉండాలి, లేకపోతే ఇంటిపేరులో ఒక అక్షరానికి ప్రతి పల్లెవాడూ రాజధానికి అర్జీ పెట్టుకోవాలి. జర్మనీ కూడా సమాఖ్య దేశమే. అక్కడ 575 రకాల సేవలను 2022 చివరికల్లా ఆన్‌లైన్ చేయాలని 2017లో చట్టం చేసి, ఒక రాష్ట్రం కట్టినదాన్ని మిగిలినవి వాడుకోవాలన్న పద్ధతి పెట్టినా గడువు అందుకోలేకపోయారు. ప్రభుత్వ సేవలను ఆన్‌లైన్ చేయడంలో పేరున్న, పదమూడు లక్షల జనాభా ఉన్న ఎస్తోనియాను చూపించి మనల్ని తిట్టేవాళ్లు ఈ సంగతి కూడా గమనించాలి.

నన్నడిగితే వెంటనే చేయదగినవి రెండున్నాయి. జాతీయ పోర్టల్‌లో పెట్టే ప్రతి మార్పునూ అమలుకు ముందు కొన్ని పల్లెల, పట్టణాల రిజిస్ట్రార్లతో వాడించి చూసి, వాళ్లు చెప్పిన లోపాలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. రిజిస్ట్రారు సవరణ చేసిన రోజు నుంచి అది పై డేటాబేసులో కనబడేవరకూ ఎక్కడ ఆగిందో రిజిస్ట్రారుకే కాక దరఖాస్తుదారుకు కూడా కనబడాలి. అది కనబడితే మునిసిపాలిటీ రాష్ట్రాన్ని, మీసేవ ఢిల్లీని చూపించే అవకాశం ఉండదు. వీటికి పెద్ద బడ్జెట్ అక్కరలేదు. తన దగ్గర ఆగిందన్న సంగతి అందరికీ కనబడటానికి ప్రతి అంచె ఒప్పుకోవాలి, కష్టం అక్కడే ఉంది.

అంతవరకూ మీకు చట్టం ఇచ్చిన ఒక ఆయుధం ఉంది. 2023 సవరణతో చేరిన సెక్షన్ 25ఎ ప్రకారం రిజిస్ట్రారు చర్యతోగాని ఉత్తర్వుతోగాని ఇబ్బంది పడినవారు 30 రోజుల్లోగా జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని 90 రోజుల్లోగా తేల్చాలి. అందువల్ల కౌంటర్ దగ్గర నోటిమాటగా కాదంటే ఊరుకోకుండా, ఎందుకు కాదో కాగితం మీద ఎండార్స్‌మెంటు రాయించి తీసుకోండి. ఆసుపత్రి ఉన్న జిల్లా వేరు కనుక అప్పీలు కూడా ఆ జిల్లాలోనే వేయాలి. సవరించిన పత్రం వచ్చాక డిజిలాకర్‌లో పాత వివరాలతో కాకుండా దాని మీద ఉన్న వివరాలతో మళ్లీ వెతకండి. పాస్‌పోర్టు దరఖాస్తుకు కూడా ఆ పత్రాన్నే జతచేయండి.